నేను కత్తిరించిన తీగ గులాబీ

మా పెద్దబాపు పోయారు. శివరాత్రి వెళ్లిన ఐదో రోజు పొద్దున, పెద్దమ్మ చాయ్ పట్టుకుపోయి పిలిస్తే పలకలేదు. కార్వాన్‌లో మా ఇంటి ముంగిట, గోడకు ఎదురుగా వేయించుకున్న మంచం మీదే పోయారు. "తక్లీఫ్ లేకుండ పోయిండు" అని వచ్చినవాళ్లందరూ అంటున్నారు. వాళ్లకేం తెలుసు! ఆయన ఆఖరి కోరికను నేను చేతులారా నరికేశాను. ఈ మాట ఎక్కడో ఒకచోట చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నాకు ఊహ తెలియకముందే మా నాన్న చనిపోతే, ఆయన అన్న అయిన పెద్దబాపే నన్ను పెంచారు. కంచన్‌బాగ్‌లో ఒక సర్కారు కార్ఖానాలో తోటమాలి. అక్కడి ఆఫీసర్లకు చెట్టు చెట్టులా ఉంటే నచ్చేది కాదు. కంచె మొక్కలు గోడ కట్టినట్టుండాలి, పొదలు బంతుల్లాగో బాతుల్లాగో కనబడాలి. రోజంతా కత్తెర ఆడించి, వేళ్లు బొబ్బలెక్కి సైకిల్ మీద వచ్చేవారు. ఇంట్లో మాత్రం దేన్నీ కోయనిచ్చేవారు కాదు.

"పొద్దంత సర్కారు చెట్లకు క్షవరం చేస్తనే ఉంటి. మనింటిదాన్నన్న జుట్టు ఇరబోసుకొని తిరగనియ్యి బిడ్డా" అనేవారు. "కత్తెర చేతిల వడితె ప్రతోడు తుర్రంఖానే" అని కూడా అనేవారు. అది నా గురించేనని ఇప్పుడు తెలుస్తోంది.

ఆ మనింటి చెట్టు ఒక తీగ గులాబీ. ఎమర్జెన్సీ రోజుల్లో పక్క గల్లీలో పాత దేవిడీ బంగళాను కూలగొడుతుంటే, ఆ మట్టిలోంచి ఏరుకొచ్చిన కొమ్మ. గోడంతా పాకి, వాకిలి మీద కమాను ఎక్కింది. ఏడాదికి ఒక్కసారే, శివరాత్రి వేళకు, మూడు వారాలు పూసేది. ఆయన చేసిందల్లా పొడుగు కొమ్మల్ని మెల్లగా పక్కకు వంచి, పెద్దమ్మ పాత చీరల పీలికలతో వదులుగా కట్టడమే. "నిలువుగ ఉరికితె కొసకే పూస్తది. జర పండవెడితె ఒళ్లంత పూస్తది" అని చెబుతూ కట్టేవారు.

"ఆ ముళ్లదాని మీదున్న పావురం నా మీద లేకపాయె" అని పెద్దమ్మ ఆ ప్రేమ చూసి దెప్పేది.

"నువ్వు పండవెడితె వింటవా?" అని ఆయన నవ్వేవారు.

రిటైరైన రెండేళ్లకు, నిరుడు దసరా ముందు, దగ్గు ముదిరి దవాఖానాలో చేర్చాం. ఊపిరితిత్తులు పాడయ్యాయనీ, నాలుగైదు నెలల కంటే కష్టమనీ డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. ఆయనకు ఎవరూ చెప్పలేదు గానీ తెలిసిపోయింది. "ఇంకొక్క శివరాత్రికి గులాబి చూస్తె చాలు. ఆయెన్క ఎప్పుడు పిలిచినా పోత, ఫికర్ లేదు" అన్నారు.

దసరా దాటాక గులాబీలు కత్తిరించాలని ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. కార్ఖానాలో ఆయన కూడా ఏటా ఆ పనే చేసేవారు. మరి ఇంటి తీగను ఎందుకు ముట్టుకోరో నేనెన్నడూ అడగలేదు. అలసిపోయి వదిలేస్తున్నారనుకున్నాను. ఆయన చూడబోయే ఆఖరి పూత విరగబూయాలి కదా! నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆయన కత్తెరే తీసి, సాన పట్టించి, ఒక ఆదివారం కూర్చుని తీగను నడుమెత్తున కోసేశాను. ముదురు కొమ్మ ఒక్కటి మిగల్లేదు.

"ఆయిననొక్క మాట అడగకపోయినవా?" అంది పెద్దమ్మ.

"పూసినంక మురిసిపోతడు, సూడు" అన్నాను. నా చేతులు పడిపోను!

దీపావళికి ఇంటికి తెచ్చాం. రిక్షా దిగుతూనే ఆయన గోడ వంక చూశారు.

"ఎవరు కోసిన్రు?"

"నేనే పెద్దబాపూ. మంచిగ పూయాలని."

ఆయాసపడుతూ నడిచివెళ్లి, ఒక కోత మీద బొటనవేలు రుద్దారు. "కోత సాఫ్ వడ్డది. మంచిగ కోసినవ్ బిడ్డా" అన్నారు. ఆ మాట నమ్మి నేను పొంగిపోయాను కూడా.

సంక్రాంతి దాటింది. చిగుళ్లు వచ్చాయి, కొమ్మలు ఏపుగా సాగాయి. మొగ్గ లేదు. ఎప్పుడొస్తాయని రోజూ అడుగుతుంటే ఒకనాడు చెప్పక తప్పలేదు ఆయనకు.

"పొద గులాబి కొత్త చిగురుకు పూస్తది. ఇది గట్ల గాదు. నిరుటి కొమ్మకే పూస్తది. ఇప్పుడొచ్చినయి వచ్చే యేడు పూస్తయి."

వచ్చే ఏడు. "ఆనాడే ఎందుకు చెప్పలే?" అని ఆయన మీదే అరిచాను.

"చెప్తె అతుకుతదా? ఏడుస్తవ్, గంతే గద. జర ఆలస్యంగనన్న ఏడుస్తవని ఊకున్న" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది. శివరాత్రి నాడు మంచం మీంచి ఆ గోడను చూసి, "ఆకు గూడ మంచిగనే ఉన్నది" అన్నారు. నన్ను ఊరడించడానికే అన్నారు. పోయే మనిషి ఉన్నవాళ్లను ఊరడించాల్సిన గతి పట్టించాను.

ఆయన పోయిన పొద్దున పక్కింటి ఖాలా వచ్చి ఆయన కాళ్ల దగ్గర నిలబడింది. దండకు పూలు కోసుకొద్దామని గోడ వైపు తిరిగి, వెతికి, నన్ను చూసింది. "ఫూలాఁ నై ఆయే క్యా బేటీ?" అంది. పూలు రాలేదని తల అడ్డంగా ఊపాను. చివరికి బజారు నుంచి జరీ చుట్టిన దండలు తెప్పించాం.

పాడె లేపారు. కొత్త కొమ్మలు అప్పటికే కమాను మీదికి ఎక్కి కిందికి వేలాడుతున్నాయి. మోసేవాళ్లు తలలు వంచి ఆ పచ్చదనం కిందుగా దాటారు. ముళ్లు తెల్లబట్టను పట్టుకుని ఒక్క క్షణం ఆపాయి. ఎవరో విడిపించారు. కొమ్మ ఊగింది, ఆయన మీద ఒక్క రేకు కూడా రాలలేదు.