సుశీలత్తను కోయలేకపోయిన చదరం ఫోటో

ఫోటోలో అంచున నిలబడ్డ మనిషిని కోసేసేది మీరే. అవును, మీరే... ఫోన్ మీద వేలితో ఒక్క గీటు లాగి, "ఇప్పుడు బాగుంది" అనుకునే మీరే.

మా చిన్నప్పుడు... అమీర్‌పేటలో మా వాకిట్లో చిన్నాయన పెళ్ళి ఫోటో. పంజాగుట్ట నుంచి కరీం భాయ్ తన పెద్ద కెమెరా తెచ్చిండు. వెడల్పు రీలు... బొమ్మ నాలుగు దిక్కులా సమానంగా, చదరంగా పడేది. పైమూత తెరిచి, బావిలోకి తొంగి చూసినట్టు వంగి చూడాలె. లోపలి అద్దంలో మామిడాకులు, పట్టుచీరెలు, మనుషులు రంగురంగులుగా కదులుతుంటే... అబ్బ, నాకు ఊపిరాడలే.

సుశీలత్త మా నాయన చెల్లెలు. కొట్టే మొగణ్ణి వదిలేసి వచ్చింది. అందుకే పెళ్ళి ఫోటోలో ఆమె ఉండొద్దని పెద్దనాయన పట్టుదల. మొఖం మీద అంటే నాయనమ్మ ఊరుకోదు. కాబట్టి అత్తను చివరకు నిలబెట్టి, కడిగించేటప్పుడు రెండంచులూ కోయించి ఫోటోను నిలువుగా చేయించాలని ఉపాయం. చాలా ఇండ్లలో ఇదే పద్ధతి అప్పుడు... అక్కర్లేదనుకున్నోళ్ళకు అంచే జాగ.

"జరుగు భాయ్, నేనే నిలబెడ్త" అని పెద్దనాయన కెమెరా మీదికి వంగిండు. ఆ అద్దంలో కుడి ఎడమైతదని ఆయనకేం తెలుసు?

అద్దంలో అత్త ఏ పక్కన కనబడితే ఆ పక్కకే చెయ్యి ఊపిండు. "జరుగమ్మా... ఇంకా జర." అత్త ఆ చెయ్యి చూసి జరిగింది... లోపలికి. ఆయన గట్టిగా ఊపిండు. ఆమె ఇంకా లోపలికి. తలెత్తి చూసేసరికి పెళ్ళికూతురి పక్కనే ఉన్నది.

"ఇగ కదలకు బిడ్డా" అన్నది నాయనమ్మ.

"నువ్వు సుత వచ్చి నిలబడు అన్నా, ఎండ పోతున్నది" అన్నడు కరీం భాయ్. మిగిలింది అంచే. పెద్దనాయన పోయి అక్కడ నిలబడ్డడు.

తర్వాత ఆయన వెంట నేనూ స్టూడియోకి పోయిన. "నిలువుగ కొయ్యి భాయ్" అన్నడు.

"కోస్త అన్నా... ఫస్టు నువ్వే పోతవ్. ఫికర్ లేదంటే చెప్పు."

పెద్దనాయన ఆ ఫోటో దిక్కే చూస్తూ కూసున్నడు. "ఉండనీ... చదరంగనే కడుగు."

అత్త పెద్దయినంక నవ్విన ఫోటో మా దగ్గర ఉన్నది అదొక్కటే.

ఇప్పుడు మళ్ళీ ఫిలిం మోజు వచ్చింది, మస్తు సంతోషం. మీడియం ఫార్మాట్ కెమెరా, అదే ఆ వెడల్పు రీలుది, కొంటూ చదరమా, దీర్ఘచతురస్రమా అని కొట్లాడుకుంటున్నరు. నిలువు బొమ్మ అందమే, కాగితం వృథా కాదు, ఫోన్‌కు సరిపోతది... అన్నీ ఒప్పుకుంట. మీనార్‌ను నిలువుగా తీయండి, చెరువును అడ్డంగా తీయండి. మనుషుల గుంపు దగ్గర మాత్రం నేను చదరం పక్షమే.

అప్పుడు కోయాలంటే స్టూడియోలో ఎదురుగా ఒక మనిషికి చెప్పాల్సి వచ్చేది... ఇప్పుడు ఎవరికీ చెప్పే పని లేదు.

కాబట్టి నా డిమాండ్లు:

చదరంగా తీసింది చదరంగానే కడిగించండి.

కోసే ముందు, పోయేది ఎవరో పేరు పెట్టి పైకి చెప్పండి.

మొగణ్ణి వదిలి వచ్చిన ఆడమనిషిని ఏ ఫోటోలోనూ "జర పక్కకు" అనకండి.

మీ ఇంట్లో కోసిన ఫోటోల నెగటివ్‌లుంటే మొత్తం కడిగించండి. అంచున ఎవరు బయటపడ్డరో కింద రాయండి.