ఫిరంగి మీద బొటనవేలు

వీధిలో అందరూ అచ్చుల మేస్త్రిని దేవుడిలాంటి మనిషి అనేవారు. కళ్ళు లేని అన్నను ముప్ఫై ఏళ్ళుగా ఇంట్లో పెట్టుకుని సాకుతున్నాడు మరి. అదీ ఎలాంటి అన్న! పూటుగా తాగొచ్చి కొలిమి మీద పడి కళ్ళు కాల్చుకున్నవాడు, ఆ సిగ్గు భరించలేక పెళ్ళాం కూడా విడిచిపోయినవాడు. పిల్లాపెద్దా అతన్ని 'గుడ్డి సీసా' అనే పిలిచేవారు. మేస్త్రి విననట్టు తలొంచుకుని పోయేవాడు.

అన్న జన్మలో చుక్క ముట్టలేదని మేస్త్రికి తెలుసు.

అప్పట్లో ఇద్దరిదీ ఒకే ఇనుప పోతల కార్ఖానా. రోడ్డు పక్క దిమ్మె మీద ఉండే పాత ఫిరంగిని తుప్పు వదిలించమని అధికారులు అక్కడికి పంపారు. యజమాని దాన్ని గుట్టుచప్పుడు కాకుండా ఎవరికో అమ్మేసి, అచ్చంగా అలాంటిదే ఇంకోటి పోయమన్నాడు. సెలవు రోజున తలుపులు మూసి పోత మొదలుపెట్టారు. ఇసుక అచ్చు ఇంకా ఆరలేదని అన్న మొత్తుకున్నా యజమాని చెవిన పెట్టలేదు. చివరి గరిటె వంచేసరికి అచ్చు మూతి దగ్గర ఆవిరి తన్నింది. కరిగిన ఇనుము అన్న మొహాన చిమ్మింది.

"ఆ రోజు అసలు పోత పనే లేదండి. మా అన్నే తాగొచ్చి కొలిమి మీద పడ్డాడు" అని పోలీసులకు చెప్పింది తమ్ముడే. కొత్త ఫిరంగే పాతదాని పేరుతో దిమ్మె ఎక్కింది. నెల తిరక్కుండా అతను మేస్త్రి అయ్యాడు.

యజమాని పోయాడు, కార్ఖానా మూతపడింది. ఇన్నాళ్ళకు మ్యూజియం నుంచి ఒకావిడ టేపు, టార్చిలైటు పట్టుకుని మేస్త్రి ఇంటికొచ్చింది.

"ఆ ఫిరంగి పాతది కాదని నా అనుమానమండీ. వత్తి పెట్టే రంధ్రం సగం లోతే ఉంది, నిజమైనదానికైతే లోపలిదాకా ఉండాలి. పోతపని తెలిసినవాళ్ళు ఇక్కడ మీరొక్కరే మిగిలారట. కాస్త చూసి చెప్తారా?"

లోపల మంచం కిర్రుమంది. అన్న గోడ తడుముకుంటూ వచ్చాడు. "నన్నూ తీసుకెళ్ళమ్మా."

"ఎండలో నీకెందుకన్నా?"

"ఎన్నిసార్లడిగినా దాని దగ్గరికి తీసుకెళ్ళలేదు నువ్వు. ఇవాళైనా అడ్డు రాకు."

దిమ్మె చుట్టూ టీ కొట్టతను, దర్జీ, ఇంకో పదిమంది మూగారు. అన్న ఫిరంగి మూతి నుంచి వెనక్కి తడుముతూ వెళ్ళాడు. బండి మీద ఆనడానికి పక్కకు పొడుచుకొచ్చిన కొమ్ము కింద చెయ్యి ఆగింది. అక్కడ ఇనుము చిన్న బుడిపెలా పైకి లేచి ఉంది.

"ఇది నా వేలమ్మా! అచ్చు మూసేముందు ఇసుకలో బొటనవేలు నొక్కాను, గుర్తుంటుందని. దీన్ని పోస్తుంటేనే నా కళ్ళు పోయాయి." తమ్ముడు ఏ పక్కనున్నాడో తెలియక గాలిలోకి తిరిగాడు. "చెప్పరా. ఇంకా ఎవరికి భయపడతావురా? నేను తాగలేదని ఒక్క మాట చెప్పరా."

మేస్త్రి జనం వంక చూశాడు. రేపటి నుంచి వీళ్ళే తనను ఏమంటారో అనుకున్నాడు.

"ఏమనుకోకండి మేడమ్. తాగితాగి మతి చలించింది. అది పోతలో లేచిన బుడగ. ఇలాంటివి మా కార్ఖానాలో ఎప్పుడూ పోయలేదు."

"పొద్దున్నే ఎక్కించినట్టున్నాడు సీసా" అన్నాడు దర్జీ. అందరూ ఘొల్లున నవ్వారు.

ఆవిడ అన్నదమ్ములిద్దరినీ మార్చి మార్చి చూసింది. చివరికి 'ఇటీవలి పోత. పోసినవారెవరో తెలియదు' అని రాసుకుంది. మూడో రోజు క్రేనొచ్చి ఫిరంగిని పాత ఇనుము కొట్టుకు ఎత్తుకుపోయింది. అక్కడ గ్యాస్ మంటతో ముక్కలు కోశారు.

అన్న ఆ ఇంట్లో మళ్ళీ మెతుకు ముట్టలేదు. నాలుగో రోజు ఆటో పిలిపించుకుని అంధుల ఆశ్రమానికి బయల్దేరాడు. విశ్వాసం లేనివాడని వీధంతా తిట్టిపోసింది. మేస్త్రి ఎవరి మాటా కాదనలేదు. అన్న బట్టల మూట పట్టుకుని తనూ ఆటో ఎక్కాడు.

ఆశ్రమంలో గుమాస్తా కాగితం తీశాడు. "నా అన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"లేరు."

"మరి ఈయన?"

"ఎవరో బాబూ. దారి చూపించడానికొచ్చారు" అన్నాడు అన్న.

గుమాస్తా మేస్త్రి చేతిలోంచి మూట అందుకున్నాడు. "సరేనండి, ఇక మీరు వెళ్ళొచ్చు."