చిన్నమ్మ బంగారు బిళ్ళ మీది అక్షరాలు

మొన్న మహబూబాబాద్‌లో మా మనవరాలు ఫోన్‌లో బంగారు నాణేల బొమ్మలు చూస్తుంటే నేనూ తొంగి చూశాను. ఒక నాణెం మీద జుట్టు విరబోసుకుని కాగడా పట్టుకున్న స్త్రీ, పక్కన ఎం, సి, ఎం, ఎల్ అంటూ సాగే అక్షరాల వరుస. అది అమెరికా నాణెమనీ, ఆ వరుస రోమన్ అంకెల్లో పందొమ్మిది వందల ఎనభై ఏడనీ పిల్ల చెప్పగానే ఫోన్ చేతిలోకి లాక్కుని మళ్ళీ చూశాను.

ఆ స్త్రీనీ, ఆ అక్షరాలనూ నేను మొదట చూసింది జనగామలో, ఒక అవుసలాయన బంగారం దుకాణంలో. మా అమ్మ చెల్లెలు కువైట్‌లో ఒక ఇంట్లో ఆరేళ్ళు వంటపని చేసి వస్తూ, ఆ ఇంటి ముసలమ్మ తన మెడలోంచి తీసి ఇచ్చిన బిళ్ళను తెచ్చుకుంది. వెనుకవైపు రేకుతో మూసేసిన ఆ బిళ్ళతో కూతురికి కమ్మలు చేయిద్దామని, భర్తనూ, అప్పుడే పెద్దవంగర బడిలో పంతులమ్మగా చేరిన నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది.

అవుసలాయన అద్దం పెట్టి చూశాడు. "సిక్కా అయితే ఏ సాలుల అచ్చు గొట్టిన్రో అంకెల్ల రాసుంటది. గీడ లేదు. ఎవరో అమ్మగారు బొమ్మ, పేరు చెక్కిచ్చుకున్నది. గసుంటిది ఎవరన్న ఇస్తరా? నీకెట్ల దొరికింది?"

చిన్నాయన ముఖం మాడిపోయింది. చిన్నమ్మ నా వైపు తిరిగి, "సదువుకున్నదానివి, నువ్వు జూసి జెప్పు బిడ్డా" అంది.

ఆ వారమే పిల్లలకు గడియారం బొమ్మ గీసి రోమన్ అంకెలు నేర్పినదాన్ని. పన్నెండు దాటి నా బుర్ర పోలేదు. తెలియదనడం నామోషీ అనిపించి, "పేరే అనుకుంట" అన్నాను.

దొంగసొమ్ము ఇంట్లో ఉండొద్దని చిన్నాయన దాన్ని ఎక్కడో కరిగించేశాడు. ఊళ్ళో ఆమెకు కువైట్ దొంగని పేరు పడింది. పెళ్ళిళ్ళలో నగలున్న గదిలోకి రానిచ్చేవారు కాదు. కొన్నాళ్ళకు ఆమే రావడం మానేసి, పత్తి ఏరుకుంటూ, ఎవరి గడపా తొక్కకుండా బతికి, నాలుగేళ్ళ కిందట పోయింది. చావుకు వెళ్ళి ఆమె పాదాల దగ్గర నిలబడి కూడా నేను ఆమెను దొంగనే అనుకున్నాను.

నిన్న కొడకండ్ల వెళ్ళి ఆమె కూతురికి అంతా చెప్పాను. చెల్లెలు చేతిలోని చాట దించలేదు, బియ్యం చెరుగుతూనే విన్నది.

"ముసలమ్మ ఇచ్చిందని అమ్మ జెప్పింది గదక్కా. గప్పుడు మీరెవ్వరు నమ్మలే" అంది.

ఈ కాలం పిల్లలు తెలియనిదాన్ని అక్కడికక్కడే వెతుక్కుంటారు, తెలియదనడానికి సిగ్గుపడరు. మా రోజుల్లో ఊరికి ఒకరిద్దరమే చదువుకున్నవాళ్ళం, మా మాటకు ఎదురుండేది కాదు. చదువుకు ఆనాటి గౌరవం ఇప్పుడేదీ అని మా ఈడువాళ్ళు నిట్టూరిస్తే నేనూ తలూపేదాన్ని. ఇక ఊపలేను.