కొట్టు మూస్తే వెబ్‌సైట్ కూడా

సౌకార్‌పేటలో మా మేనమామకి చీరల హోల్‌సేల్ కొట్టుంది. తన వెబ్‌సైట్ పరాయివాళ్ల కంప్యూటర్‌లో ఉంటే ఆయనకి నమ్మకం లేదట. కొట్టులోని కంప్యూటర్‌లోనే వెబ్ సర్వర్ పెట్టమని నన్ను పిలిచాడు. నల్ల తెర మీద ఒక్కొక్క కమాండూ కొడుతుంటే, "ఒక్క బొమ్మా రాలేదు, ఇదేం పనిరా?" అని పెదవి విరిచాడు. చివరికి నా ఫోన్‌లో చీరలు కనబడ్డాక, అంతా తానే చేసినట్టు మీసం దువ్వాడు.

సాయంత్రం కొట్టు మూసే ముందు దేవుడికి కర్పూరం వెలిగించి, అలవాటుగా మెయిన్ స్విచ్ ఆపేశాడు. వెబ్‌సైట్ పోయింది. కంప్యూటర్ రాత్రంతా నడవాలి మామా అన్నాను.

"కడ మూసినాక ఈడ ఎవురుండారని నడవాల?" అన్నాడు, బుద్ధి లేనిది నాకే అన్నట్టు.

ఆ తలకాయతో వాదించడం నా నోటికి దండగ. మర్నాడు వెళ్లి, కంప్యూటర్ వెయ్యగానే సర్వర్ దానంతటదే మొదలయ్యేలా ఇంకో కమాండ్ కొట్టి, ఒక దండం పెట్టి వచ్చేశాను.

మొన్న ఆదివారం నెల్లూరు వ్యాపారి ఒకాయన వెబ్‌సైట్ రావడం లేదని ఫోన్ చేశాడట. తానిచ్చిన జవాబు మామే నాకు గొప్పగా చెప్పుకున్నాడు: "ఈ పొద్దు ఆదివారం గదన్నా, దానికీ లీవే. రేపు పొద్దన్నే నేనొచ్చి తెరస్తా."