కొత్త తక్కెడ, బావమరిది చెప్పులు

తిరుత్తణి బస్టాండు దగ్గర నాకొక డీటీపీ అంగడి ఉంది. పెళ్లిపత్రికలు, థీసిస్‌లు, సంతాప పోస్టర్లు చేస్తాను. ఎనిమిదో తరగతిలో బడి మానేశాను. బడి కూడా నన్ను వెతుక్కుంటూ రాలేదు.

తిరువళ్లూరులో ఒక రిటైర్డు లెక్చరర్ అయ్య ఉన్నారు. ఈ సరిహద్దు తెలుగువాళ్ల ఆచారాల మీద ఏడాదికి రెండుసార్లు ఒక పరిశోధన పత్రిక తెస్తారు. దానికి పేజీలు కట్టేది నేను. అది ఎంతమంది చదువుతారని అడిగితే అయ్యకు కోపం వస్తుంది.

ఆయన పద్ధతి ఇది. వ్యాసం రాగానే రాసినవాళ్ల పేరు తీసేసి ఇద్దరు పండితులకు పంపాలి. రాసిందెవరో వాళ్లకు తెలియకూడదు, చదివిందెవరో వీళ్లకు తెలియకూడదు. పేరు తీసే పని నాకిచ్చారు. పండితులకు కూడా చెప్పని రహస్యం, ఆ విధంగా, ఎనిమిదో తరగతి మానేసినవాడి దగ్గర ఉండేది.

ఒకసారి మా బావ వ్యాసం వచ్చింది. అక్క మొగుడు. ఒక ప్రైవేటు కాలేజీలో తాత్కాలిక లెక్చరర్. ఒక్క వ్యాసం అచ్చయితే ఉద్యోగం పర్మనెంటు అవుతుంది. ఈ మాట అక్క చుట్టాలందరికీ చెప్పి ఉంది.

పేరు తీసేసి ఊరుకోకుండా చదివాను. అయిదో పేజీలో ఇలా ఉంది: ‘వ్యాపార కుటుంబాలవారు కొత్త తక్కెడ కొన్ననాడు, సరుకు తూచకముందు బావమరిది చెప్పులు తూస్తారు. ఈ ఆచారాన్ని మూడు ఊళ్లలో స్వయంగా చూశాను.’

ఆ ఆచారం పుట్టింది నా అంగట్లో. కొన్నేళ్ల క్రితం ఒక పరిశోధక విద్యార్థిని థీసిస్ బైండింగుకు వచ్చింది. బంక ఆరేదాకా కూర్చుని, మీ ఇళ్లలో ఆచారాలేమైనా ఉన్నాయా అని అడిగింది. నాకు తోచింది చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. ఆమె నోటుబుక్కు తీసి, ఎడమ చెప్పా, కుడి చెప్పా అని అడిగింది. జత విడదీయరన్నాను. మరుసటి ఏడు అది ఆమె వ్యాసంలో అయ్య పత్రికలో వచ్చింది. ఆ పేజీ కట్టింది కూడా నేనే. అప్పుడే చెప్పాల్సింది. కానీ నా అబద్ధం అంత అందమైన అక్షరాల్లో కనబడేసరికి నోరు రాలేదు.

పండితులిద్దరూ బావ వ్యాసానికి సరేనన్నారు. క్షేత్ర పరిశీలన బలంగా ఉందని ఒకరు రాశారు. చెప్పులు తోలువా, రబ్బరువా అన్నదొక్కటే రెండో ఆయన సందేహం.

బావను అంగడికి పిలిచాను.

“బావా, ఈ చెప్పులు తూసేది యాడ చూసినావు?”

“మూడూళ్లలో. రాసినా కదా.”

“ఏ మూడూళ్లు?”

“నువ్వేమన్నా పోలీసా? అయినా నా పేపరు నీ చేతికి ఎట్ల వచ్చె?”

“పేరు తీసేదానికి.”

“తీసి పంపు. సదవమని ఎవురు చెప్పినారు?”

“నన్ను బావమరిదిగా పెట్టుకోని ఇన్నేండ్లాయె. ఒక్కదినమన్నా నా చెప్పులు తూసినావా నువ్వు?”

బావ గొంతు తగ్గించాడు.

“పాత పత్రికలో ఉండాది రా. అచ్చులో వచ్చింది అబద్ధం ఎట్లయితాది?”

“అది రాసిన పిల్లకు కల్పించి చెప్పింది నేను కాబట్టి.”

స్టూలు లాక్కుని కూర్చున్నాడు. “సరి. నీకూ నాకూ తప్ప ఎవురికీ తెలీదు గదా. మీ అక్క మొగం చూసైనా నోరు మూసుకోని సుమ్మా ఉండు.”

అక్క మొగం రెండు రోజులు చూశాను. మూడో రోజు పొద్దున రైలెక్కి తిరువళ్లూరు పోయాను.

అంతా విని అయ్య కళ్లద్దాలు తీశారు. “రాసినాయన నీ చుట్టమని మొదటి దినమే చెప్పుండాల కదా నాయనా?”

“చెప్తే పేరు ఎవురు తీస్తారయ్యా?”

“నేను తీసుంటా.”

ఆ ఉపాయం నాకు తట్టలేదు. తర్వాత ఆయన పాత సంచిక తెరిచి చాలాసేపు చదివారు.

“ఇట్లాంటివి ఇంకేమన్నా చెప్పినావా ఆ పాపకు?”

“లేదయ్యా. ఒకటే.”

“బాగా యోచించి చెప్పు.”

యోచించాను. ఒకటే.

“ఆ పాపకు నేను రాస్తా. సరిచూడకుండా ఏసింది నేను. సవరణ నా పేరుతో వస్తాది.”

“నా పేరు ఏయండయ్యా.”

“సమాచారం చెప్పినోళ్ల పేరు వెయ్యం. అది రూలు.”

జీవితంలో ఒక రూలు నన్ను కాపాడడం అదే మొదలు. నాకు సిగ్గేసింది.

బావను అయ్య ఒక్క మాట కూడా అనలేదు. చూసిన ఆ మూడు ఊళ్ల పేర్లు రాసి పంపండని జాబు పెట్టారు. రెండు రోజులకు బావ వ్యాసం వెనక్కి తీసుకున్నాడు. ఆ ఏడు పర్మనెంటు అయినవాళ్ల జాబితాలో అతని పేరు లేదు. అక్క ఇంటికి పోతే నాకు ఇడ్లీ పెట్టింది, చట్నీ పెట్టలేదు. ఆడి (ఆషాఢం) నెలంతా అలాగే గడిచింది.

తర్వాత బావ ఆదివారాలు సరిహద్దు ఊళ్లకు బస్సెక్కడం మొదలుపెట్టాడు. అంగళ్ల ముందర కూర్చుని, అడిగి, చూసి, రాసుకున్నాడు. కొత్త వ్యాసం పంపాడని తెలిసిన రోజే అయ్యకు ఫోను చేసి, అది మావాళ్లది, నా దగ్గరికి పంపొద్దని చెప్పాను.

పోయిన వారం బావ ఒక కాగితం పట్టుకుని అంగట్లోకి వచ్చాడు. చాలా రోజుల తర్వాత మొగం వెలుగుతోంది.

“పండితులు అడుగుతుండారు రా. ఏ ఊర్లో, ఎవురింట్లో, ఎప్పుడు చూసినావని.”

“చెప్పేదానికి ఉండాయా?”

“నోటుబుక్కు నిండా ఉండాయి. కూర్చో, నేను చెప్తా, నువ్వు టైపు కొట్టు.”

“నేను ముట్టుకోకూడదు బావా. ఎదురంగడికి పో.”

ఎదురంగడివాడికి టైపింగు సరిగా రాదు. అది ఇద్దరికీ తెలుసు. బావ నన్ను తిట్టుకుంటూనే రోడ్డు దాటాడు.