ఇరవై రెండు వంకాయల కాపు

మూడు తరాలుగా మా ఇంటి ఆడవాళ్ల చేతిలో ఉన్న మడిని ఒక్క పూటలో పోగొట్టబోయిన ఘనత నాది. అదీ ఇరవై రెండు వంకాయలతో. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. సిగ్గుపడమని మాత్రం అడక్కండి.

అమెరికాలో, పిస్కాటవే అనే ఊళ్లో మా ఇంటికి రెండు మైళ్ల దూరంలో కమ్యూనిటీ గార్డెన్ ఉంది. అందులో నాలుగు మంచాలు పట్టేంత నేల మాది. మొదట అమ్మమ్మ తవ్వింది, తర్వాత అమ్మకొచ్చింది, అమ్మకి మోకాలి ఆపరేషన్ అయిన ఏడాది నా చేతిలో పడింది. సాగు చేస్తున్నంత కాలం మడి ఆ కుటుంబానిదే. బీడు పెడితే వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్లకి ఇచ్చేస్తారు.

నాకప్పుడు పాతికేళ్లు. నీళ్లు పోయడమంటే వారానికోసారి మొక్కల్ని తలుచుకోవడం అనుకునేదాన్ని.

"వంకాయలు దిగాయా?" అని అమ్మ మంచం మీంచి రోజూ అడిగేది.

"విరగకాస్తున్నాయమ్మా!" అనేదాన్ని, సోఫాలోంచి.

ఆగస్టులో మెయిల్ వచ్చింది, శనివారం ఇన్‌స్పెక్షన్ అని. పరుగెత్తుకెళ్లి చూద్దును కదా, కలుపు నా నడుం దాకా ఎదిగి, 'ఎవరమ్మా నువ్వు?' అన్నట్టు నన్నే చూస్తోంది. దాని మధ్య మూడు వంగ మొక్కలు ఆస్పత్రి వరండాలో రోగుల్లా ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. కాయ కాదు కదా, పువ్వు కూడా లేదు.

శుక్రవారం సెలవు పెట్టి కలుపు పీకాను. సాయంత్రం ఇండియన్ స్టోర్‌లో నిగనిగలాడే గుత్తి వంకాయలు కొని ఫ్రిజ్‌లో దాచాను. మర్నాడు తొమ్మిదిన్నరకి దారంతో మొక్కకి ఏడేసి చొప్పున కట్టాను. ఒకటి మిగిలింది. పారేయడం ఎందుకని మధ్య మొక్కకే తగిలించాను. అది నేలకి సాష్టాంగపడింది.

పదింటికి కమిటీ పెద్దాయన ఫ్రాంక్ వచ్చాడు. వద్దన్నా వినకుండా చేతికర్రతో అమ్మ కూడా వచ్చింది.

"మొన్న గురువారం ఒక్క పువ్వు కూడా లేదే?" అన్నాడు ఫ్రాంక్.

"ఇండియన్ వెరైటీ అండీ. సూపర్ ఫాస్ట్."

ఆయన ఒక కాయని పట్టుకున్నాడు. "ఇంత ఎండలో ఇది ఐసులా ఉందేంటి?"

"అది... కూలింగ్ వెరైటీ కూడా."

ఆయన మెల్లగా లాగాడు. కాయ, దారం, మొక్క, వేళ్లు, అన్నీ కలిసికట్టుగా వచ్చేశాయి.

ఇంకొకరైతే సారీ చెప్పేవారు. నేను మడి మధ్యలో చతికిలబడ్డాను. "రూల్స్ చదవండి! ప్లాట్‌లో కూరగాయలు ఉండాలని రాశారు, ఎక్కడ పుట్టాలో రాయలేదు. ఇది మా అమ్మమ్మ తవ్విన నేల. ఎవరికైనా ఇవ్వాలంటే ముందు నన్ను పీకండి!"

ఫ్రాంక్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "కష్టమే. ఈ మడిలో వేళ్లు గట్టిగా పాతుకుని ఉన్నది నువ్వొక్కదానివే. నాలుగు వారాలు టైమిస్తున్నాను."

ఆ నాలుగు వారాలూ ఆఫీస్ కాల్స్ చెవిలో పెట్టుకునే, కొత్తగా విత్తిన తోటకూరకి నీళ్లు పోశాను. ఒకరోజు మ్యూట్ చేయడం మర్చిపోయి, "చస్తావా, చావవా?" అని పురుగుని నిలదీస్తే, టీమ్‌లో ఉన్న ఏకైక తెలుగు మేనేజర్ గుటకలు మింగాడు. అయితేనేం, తోటకూర ఏపుగా వచ్చింది. ఫ్రాంక్ కాగితం మీద సంతకం పెట్టాడు. మడి మాకే మిగిలింది.

అన్నాళ్లూ వంకాయల మాటెత్తని అమ్మ, ఆరోజు కార్‌లో సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ అడిగింది.

"తెల్ల దారం కట్టమని నీకెవరు చెప్పారే?"

"అంటే?"

"ఆకుపచ్చది కట్టాలే, మొద్దూ! మీ అమ్మమ్మ మొదటి ఏడాది నా చేత పద్నాలుగు బీరకాయలు కట్టించింది. ఈ ఫ్రాంకే చూసి మురిసిపోయి, ఫొటో కూడా తీసుకుని వెళ్లాడు."

అందుకే, మా వంశం మీద ఒట్టేసి చెబుతున్నాను. ఇక జన్మలో తెల్ల దారం ముట్టను.