గుమ్మం బయట ఉప్పు

మా ఆయనను చివరిసారి బతికుండగా చూసింది గుమ్మం బయటే. లోపలికి రాకుండా ఆగి, అలవాటుగా భుజాలు వంచారు. నేను ఉప్పు చల్లాను. మా క్యోటోలో అంత్యక్రియల నుంచి తిరిగొచ్చినవాళ్ల మీద, చావు మైల పోవడానికి, ఏ ఇంట్లోనైనా చల్లుతారు. మా ఇంట్లో మాత్రం వారానికి నాలుగు రోజులు. ఆయన ఉద్యోగమే చావడం.

కుసుమోతో షింపేయి అనే పేరు మీరు విని ఉండరు. తెర మీద పేర్లు అంత కిందికి వచ్చేసరికి జనం గొడుగులు వెతుక్కుంటూ ఉంటారు. ముప్ఫై నాలుగేళ్లపాటు క్యోటో స్టూడియోల్లో హీరో కత్తి గాలిని కోస్తే చాలు, మా ఆయన విల్లులా వెనక్కి వంగి పడిపోయేవారు. ఆ పడటం నచ్చి మనీలా సినిమావాళ్లు పిలిపించారు. అక్కడ తుపాకీతో చంపారు. విదేశాల్లో పైకి రావడమంటే అదే కాబోలు.

పెళ్లయిన కొత్తలోనే చెప్పేశాను.

"మీ చావు చూడ్డానికి టికెట్ కూడానా? చివరిదాకా బతికుండే సినిమా వస్తే చెప్పండి, ముందు వరసలో కూర్చుంటా."

"అలాంటి వేషాలు మొహం బాగున్నవాళ్లకిస్తారే."

"అయితే నాకా శ్రమ లేనట్టే."

నవ్వేవారు. కానీ నన్నొక్కసారైనా హాల్లో కూర్చోబెట్టాలన్న పంతం మాత్రం వదల్లేదు.

అరవై దాటాక ఆస్ట్రేలియా పిలిచింది. అక్కడి బ్రూమ్ రేవులో ముత్యాల కోసం సముద్రంలో మునిగే ముసలివాడి వేషం. ఏడు వారాలుండి, నల్లగా మాడి వచ్చారు. ఆ సినిమా మా ఊరి చిన్న హాల్లో పడ్డ రోజున రెండు టికెట్లు తెచ్చారు.

"ఈసారి రావే."

"మునిగి చస్తారా, సొరచేప తింటుందా?"

"వచ్చి చూడు."

"అంటే చస్తారన్నమాట. నాకు ముల్లంగి ఊరబెట్టే పనుంది."

ఒక్కరే వెళ్లారు. తిరిగొచ్చి గుమ్మం దగ్గర, "ఇవాళ ఉప్పు అక్కర్లేదే" అన్నారు.

"తెర మీద చచ్చినా చావే" అని, ముల్లంగికి తీసిన ఉప్పులోంచే రెండు గుప్పిళ్లు చల్లాను.

మర్నాడు లేవలేదు. విల్లులా వంగలేదు, కేక వేయలేదు. చావడం బొత్తిగా తెలియనివాడిలా పక్కకు తిరిగి పడుకున్నారు.

నలభై తొమ్మిదో రోజు కర్మ అయ్యాక, ఆ సినిమా ఇంకా ఆడుతోందంటే ఆ హాలుకు వెళ్లి, ముందు వరసలోనే కూర్చున్నాను. తుఫానులో పడవ మునిగింది. అందరూ పోయారు. మా ఆయన ఒడ్డుకు చేరి, నడుచుకుంటూ ఇంటికి వచ్చారు. తలుపు తీసే ఉంది. లోపలికి వెళ్లలేదు. గుమ్మం బయట ఆగి, భుజాలు వంచారు.

"ఈ ముసలాయన లోపలికెళ్లడేం?" అంది వెనక ఎవరో అమ్మాయి.

పేర్లు రావడం మొదలయ్యేదాకా అలాగే నిలబడ్డారు, బతికే.